ఊటీకి ఈ-పాస్ తీసుకుని వెళ్ళి వచ్చాక

నీలగిరి జిల్లాలోకి సొంత బండి మీద వెళ్ళేవారు ముందుగా తీసుకోవలసిన ఈ-పాస్‌ను 2025 మే రెండో వారంలో నేను కూడా తీసుకున్నాను. హైదరాబాదు నుంచి రెండు కార్లలో, పిల్లా పెద్దా కలిసి తొమ్మిది మందిమి ఊటీ వెళ్ళి వచ్చాం. దరఖాస్తు ఎలా ఉంటుంది, చెక్‌పోస్టు దగ్గర ఏం చూస్తారు, ఇంతా చేస్తే ఆ పాస్ వల్ల ఊటీకి ఒరిగేదేమిటి అన్న మూడు సంగతులూ ఇక్కడ రాస్తున్నాను. అందులో మూడోది కాస్త ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఎందుకంటే ఫోన్‌లో కనిపించే ఆ క్యూఆర్ కోడ్ వెనుక, ఒక కొండ ఊరు ఎంతమంది అతిథుల భారాన్ని తట్టుకోగలదన్నది ఎవరు తేల్చాలనే పెద్ద తగవు ఉంది.

ముందు ఈ పాస్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. ఇది ఊటీ పురపాలక సంఘం తీర్మానించినది కాదు, తమిళనాడు ప్రభుత్వం తనంతట తాను ఆలోచించి తెచ్చినదీ కాదు. కొండ ప్రాంతాల్లో చెత్త, ప్లాస్టిక్, అడవుల రక్షణకు సంబంధించిన వ్యాజ్యాలను వింటున్న మద్రాసు హైకోర్టు ధర్మాసనం, వేసవిలో నీలగిరికి రోజుకు సుమారు 20,000 వాహనాలు వస్తున్నాయన్న లెక్క తన ముందుకు వచ్చిన తరువాత, 2024 ఏప్రిల్ చివరిలో ఊటీకి, కొడైకెనాల్‌కు ఈ-పాస్ తప్పనిసరి చేయమని ఆదేశించింది. ఆ ఏడాది మే 7 నుంచి అమలైన పాస్‌కు పరిమితి లేదు, అడిగినవారందరికీ ఇచ్చారు. అప్పటి ఉద్దేశం ఎవరినీ ఆపడం కాదు, ఎన్ని బళ్ళు వస్తున్నాయో, ఎందరు వస్తున్నారో, ఎన్నాళ్ళు ఉంటున్నారో లెక్క తేల్చడం. 2025 మార్చిలో అదే ధర్మాసనం ఇంకొక అడుగు వేసి, ఏప్రిల్ 1 నుంచి వేసవి కాలానికి ఊటీ వైపు మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలను, కొడైకెనాల్‌కు వరుసగా 4,000, 6,000 వాహనాలను మాత్రమే అనుమతించాలని హద్దు గీసింది. మేము వెళ్ళింది ఆ హద్దు అమల్లో ఉన్న రోజుల్లోనే.

దరఖాస్తు విషయంలో నాకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. తమిళనాడు ప్రభుత్వ ఈ-గవర్నెన్స్ సంస్థ వెబ్‌సైట్‌లో మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. ఆ తరువాత బండి నంబరు, బండి రకం, ఇంధనం, ఎందరు ప్రయాణిస్తున్నారు, ఏ రోజు వస్తారు, ఏ రోజు వెళ్తారు, ఎక్కడ బస చేస్తారు అన్న వివరాలు నింపాలి. రుసుము లేదు. మాది మంగళవారం ప్రయాణం కావడం వల్ల కావచ్చు, రెండు కార్లకూ పాస్‌లు వెంటనే వచ్చాయి. ఇక్కడ తెలంగాణ వాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా బావమరిది కారు కొత్తది, టీజీ అక్షరాలతో మొదలయ్యే నంబరు దానిది. ఏళ్ళ తరబడి టీఎస్ అని కొట్టిన వేలు అలవాటుగా మళ్ళీ టీఎస్ అనే కొట్టింది. ఆఖరి మీట నొక్కేముందు మా అమ్మాయి చూసి పట్టుకుంది కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఎనిమిదివందల కిలోమీటర్లు బండి నడిపి, కొండ మొదట్లో నిలబడి మళ్ళీ మొదటి నుంచీ నింపవలసి వచ్చేది.

అంతకుముందు ఒక ట్రావెల్స్ వాడు, పేరెందుకు గాని, కోటా అయిపోయిందని, తనకు తెలిసినవాళ్ళ ద్వారా కారుకు 500 రూపాయలకు పాస్ ఇప్పిస్తానని ఫోన్‌లో చెప్పాడు. ఉచితంగా, ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో అయ్యే పనికి వెయ్యి రూపాయలు అడిగాడన్నమాట. సంఖ్యకు హద్దు పెట్టిన ప్రతి చోటా ఇలాంటి దళారీ పుట్టుకొస్తాడని తిరుమల దర్శనం టికెట్ల విషయంలో మనకు బాగా తెలిసిందే కనుక నేను ఆశ్చర్యపోలేదు.

మైసూరు మీదుగా వెళ్ళేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. గుండ్లుపేట దాటాక వచ్చే బండీపూర్ అడవి దారిని 2009 నుంచీ రాత్రి తొమ్మిదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు మామూలు వాహనాలకు మూసి ఉంచుతారు. ఈ-పాస్ చేతిలో ఉన్నంత మాత్రాన ఆ గేటు తెరుచుకోదు. మేము మైసూరులో రాత్రి బస చేసి తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ఎక్కకముందే కక్కనల్ల దగ్గర తమిళనాడు సరిహద్దుకు చేరాం. అక్కడ ఫోన్‌లోని కోడ్‌ను స్కాన్ చేసి బండి నంబరుతో పోల్చి చూసుకున్నారు. టీఎన్ 43 నంబరున్న బళ్ళు, అంటే నీలగిరి జిల్లాలో నమోదైనవి, ఆగకుండా మా పక్కనుంచి వెళ్ళిపోతున్నాయి. వాటికి పాస్ అక్కర్లేదు. బస్సు ప్రయాణికులకూ అక్కర్లేదు.

మా దగ్గర నిజంగా సమయం పట్టింది పాస్‌కు కాదు, నీళ్ళ సీసాలకు. నీలగిరిలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు, శీతల పానీయాల సీసాలు నిషేధమని నాకు తెలిసి కూడా, వెనుక సీటు కింద పిల్లలు దాచుకున్న నాలుగు సీసాలను నేను చూసుకోలేదు. తనిఖీ చేసే ఆవిడ వంగి ఒక్కొక్కటీ బయటకు తీసి, పక్కనున్న పెద్ద గోనెసంచిలో వేసింది. ఆ సంచి అప్పటికే అంచు దాకా నిండి ఉంది, సగం తాగిన సీసాల్లో నీళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. మా అత్తగారు మాత్రం హైదరాబాదు నుంచి రెండు స్టీలు క్యాన్లు మోసుకొచ్చి, దారి పొడుగునా మేము చేసిన ఎగతాళికి ఆ క్షణంలో వడ్డీతో సహా బదులు తీర్చుకున్నారు. ఊటీలో ఆ క్యాన్లనే వాటర్ ఏటీఎంల దగ్గర నాణేలు వేసి నింపుకున్నాం.

ఈ ప్లాస్టిక్ నిషేధాన్ని ఈ-పాస్ పక్కన పెట్టి చూడటం అవసరం. ఇది నిన్న మొన్నటిది కాదు. 2000 ప్రాంతంలో సుప్రియా సాహు నీలగిరి కలెక్టరుగా ఉన్నప్పుడు జిల్లా యంత్రాంగమే చొరవ తీసుకుని మొదలుపెట్టింది. తరువాత కోర్టు ఉత్తర్వులు దానికి తోడై గట్టిపరిచాయి. పాతికేళ్ళ కాలంలో దుకాణదారుకు, బస్సు కండక్టరుకు, చెక్‌పోస్టు మనిషికి అది అలవాటైపోయింది. సీసా అడిగితే దుకాణంలో లేదనే చెబుతారు, బదులుగా నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చేయెత్తి చూపిస్తారు. కొండ మీద పుట్టిన నిర్ణయానికి, కొండ కింద నుంచి వచ్చిన నిర్ణయానికి తేడా నాకు ఈ రెండింటి మధ్య స్పష్టంగా కనిపించింది.

ఇక ఊళ్ళో సంగతి. మంగళవారమే అయినా, రెండు రోజుల్లో బొటానికల్ గార్డెన్‌లో 127వ పుష్ప ప్రదర్శన మొదలు కాబోతోంది కాబట్టి ఊరి నడుమనున్న చేరింగ్ క్రాస్ కూడలి దగ్గర బళ్ళు బారులు తీరే ఉన్నాయి. ఈ పాస్ లెక్కపెట్టేది వాహనాలను. ఆరుగురు కుదురుగా కూర్చున్న కారూ ఒక లెక్కే, ఒక్కడే నడుపుకుంటూ వచ్చిన కారూ ఒక లెక్కే. కారుకు నలుగురు చొప్పున వేసుకుంటే 6,000 కార్లలో రోజుకు 24,000 మంది వస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఊటీ పట్టణ జనాభా 88,430. అంటే పరిమితిని తు.చ. తప్పకుండా పాటించినా, ఊరి జనంలో నాలుగో వంతుకు మించిన అతిథులు ప్రతి ఉదయం కొత్తగా కొండెక్కవచ్చు. వాళ్ళందరూ నీలగిరి అంతటా సర్దుకోరు, బొటానికల్ గార్డెన్, సరస్సు, దొడ్డబెట్ట శిఖరం చుట్టూ అవే నాలుగు రోడ్ల మీద చేరతారు. బస ఎక్కడని దరఖాస్తులో అడుగుతారు గాని, బండి ఎక్కడ పెడతారని అడగరు. నా దృష్టిలో ఈ సేవలో ఉన్న అసలు లోటు అది. పాస్‌తో పాటే పార్కింగ్ స్థలాన్ని కేటాయించి, అక్కడి నుంచి ఊళ్ళోకి బస్సు ఎక్కించి ఉంటే ఇదే క్యూఆర్ కోడ్ రెండింతలు పనికొచ్చేది.

ఆ పని చేయగలిగినది ఎవరు? ఇక్కడే చిక్కంతా ఉంది. ఉదకమండలం, అంటే ఊటీ, పురపాలక సంఘం 1866లో ఏర్పడింది, ఇప్పుడు 36 వార్డులున్నాయి. పార్సన్స్ వ్యాలీ జలాశయం నుంచి నీళ్ళు తెచ్చి ఊరికీ హోటళ్ళకూ ఇచ్చేది ఆ సంఘమే, పర్యాటకులు వదిలివెళ్ళిన చెత్తను ఎత్తి తీట్టుక్కల్‌లోని చెత్త డిపో దాకా చేర్చేదీ ఆ సంఘమే. కాని కొండ మీదికి ఎన్ని బళ్ళు రావాలో చెప్పేది హైకోర్టు, ఆ మాటను అమలు చేసేది కలెక్టరు, రోడ్డు హైవేల శాఖది, రోడ్డు పక్క చెట్టు అటవీ శాఖది, ఏ దారి ఏకముఖమో తేల్చేది పోలీసులు. పెళ్ళి పెద్దలు పందిట్లో కూర్చుని ఎందరిని పిలవాలో తేలుస్తూ ఉంటే, ఎంగిలి విస్తళ్ళు ఎత్తేవాణ్ణి ఒక్క మాట అడగకపోవడం వంటిది ఇది. పైగా తమిళనాడులో పట్టణ స్థానిక సంస్థల పదవీకాలం 2016 అక్టోబరులో ముగిసిన తరువాత మళ్ళీ ఎన్నికలు జరిగింది 2022 ఫిబ్రవరిలో. ఆ అయిదేళ్ళకు పైబడిన కాలంలో ఊరికి ఎన్నికైన కౌన్సిలే లేదు, ప్రత్యేకాధికారులే నడిపారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2014 తరువాత పురపాలక ఎన్నికలు 2021లో గాని జరగలేదు కనుక, ఈ విషయంలో తమిళనాడును వేలెత్తి చూపే అర్హత మనకేమీ లేదు.

కోర్టు జోక్యం తప్పని నేను అనడం లేదు. ఎన్నికైన కౌన్సిలరుకు హోటలు యజమానీ ఓటరే, టాక్సీ డ్రైవరూ ఓటరే, కాబట్టి వచ్చేవాళ్ళను తగ్గించండని కౌన్సిల్ ఎన్నటికీ తీర్మానించదన్న వాదనలో బలం ఉంది. వాహనాల పరిమితి మొదలైన మరునాడే, 2025 ఏప్రిల్ 2న, నీలగిరి వ్యాపారులు దుకాణాలు మూసి బంద్ పాటించారు. వాళ్ళ సంపాదనంతా ఏప్రిల్, మే నెలల్లోనే ఉంటుంది, మిగతా ఏడాదికి అదే తిండిగింజలు. మేము టీ తాగిన కొట్టు ఆయన, తెలుగు పర్యాటకుల పుణ్యమా అని తెలుగు బాగానే మాట్లాడుతూ, వారాంతంలో తేడా ఏమీ లేదని, మామూలు రోజుల్లోనే బేరాలు పలచబడ్డాయని వాపోయాడు. అది ఒక్క మనిషి మాట మాత్రమే, కాని ముందుగా ప్రణాళిక వేసుకోలేని, చేతిలో నాలుగు డబ్బులున్నప్పుడు హఠాత్తుగా బయలుదేరే చిన్న కుటుంబాలే పాస్ అనగానే వెనకాడతాయన్న అతని తర్కం నాకు కాదనలేనిదిగా తోచింది. కొండ ఎంత భారం మోయగలదో శాస్త్రీయంగా తేల్చే అధ్యయనాన్ని ఐఐటీ మద్రాసు, ఐఐఎం బెంగళూరులకు అప్పగించారు. హద్దు ముందు గీసి, కొలత తరువాత తీసుకోవడం వల్లనే ఆ 6,000 అన్న అంకె మీద ఇంత రభస.

తిరుమలతో పోల్చకుండా ఉండటం తెలుగువాడికి సాధ్యం కాదు. అక్కడ ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, మరీ వేగంగా కొండెక్కితే జరిమానా, ప్లాస్టిక్ సీసా కనిపించదు, బస్సులు తెరపి లేకుండా తిరుగుతాయి. కాని అక్కడ కొండంతటికీ ఒకే యజమాని, దేవస్థానం. ఊటీలో అలాంటి యజమాని లేడు, ఉండకూడదు కూడా, అది మనుషులు ఇళ్ళు కట్టుకుని పిల్లలను బడికి పంపుతూ బతుకుతున్న పట్టణం.

అయిదుకు ఎన్ని ఇస్తారంటే, దరఖాస్తు పద్ధతికి నాలుగున్నర ఇస్తాను, పాస్ వల్ల ఊళ్ళో కలిగిన సౌకర్యానికి రెండు. వెళ్ళేవారు వీలైతే సోమవారం నుంచి గురువారం లోపల పెట్టుకోండి, దళారులకు పైసా ఇవ్వకండి, బండి నంబరు రెండుసార్లు సరిచూసుకోండి, స్టీలు క్యాన్లు మరిచిపోకండి. మసినగుడి మీదుగా కల్లట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, ఎక్కేటప్పుడు సరే గాని, బయటి బళ్ళను ఆ దారిన కిందికి దిగనివ్వరు, గూడలూరు మీదుగానే రావాలి. అసలు పాస్ గొడవే వద్దనుకునేవారికి మెట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్ల నీలగిరి కొండ రైలు ఉంది. 1908 నుంచీ ఊటీ దాకా నడుస్తోంది, టికెట్ దొరకడం ఈ-పాస్ కంటే కష్టం. మేము ఊటీ నుంచి కూనూరు దాకా ఎక్కాం. కార్లను మా బావమరిది, మా పెద్దవాడు రోడ్డు మీదుగా తెచ్చారు, వాళ్ళిద్దరూ కూనూరు స్టేషను బయట బండి పెట్టే చోటు కోసం తిరుగుతూ ఉండగానే మేము దిగి రెండో టీ కూడా ముగించాం.