ఉగాది దాటాక వణికించే సముద్రం: నాలుగేళ్లు వాడిన 4/3 వెట్‌సూట్

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో పక్కనున్న పసిఫికా ఊళ్లోని లిండా మార్ తీరంలో నేను మొదటిసారి సర్ఫింగ్ బోర్డుతో నీళ్లలోకి దిగింది ఒక మే నెలలో. ఒంటిమీద అద్దెకు తెచ్చుకున్న 3/2 వెట్‌సూట్, అంటే చల్లటి నీళ్లలో ఒంటికి అతుక్కునేలా వేసుకునే నియోప్రీన్ రబ్బరు సూటు; ఛాతీ దగ్గర మూడు, చేతులకూ కాళ్లకూ రెండు మిల్లీమీటర్ల మందం. బయట ఎండ బాగానే కాస్తోంది. విశాఖలో పుట్టి పెరిగిన నాకు మే నెల సముద్రమంటే గోరువెచ్చటి నీళ్లే గుర్తు. ఇరవై నిమిషాలకే వేళ్లు కొంకర్లు పోయాయి. ఒడ్డుకు వచ్చాక కారు తలుపు తీయడానికి కూడా చేతులు సహకరించలేదు.

ఆ తరువాతే లెక్కలు చూడటం మొదలుపెట్టాను. శాన్ ఫ్రాన్సిస్కోకు పడమరగా 18 నాటికల్ మైళ్ల దూరాన సముద్రంలో 46026 అనే సంఖ్యతో ఒక బోయ్, అంటే సముద్రపు వివరాలు కొలిచే పరికరం, తేలుతూ ఉంటుంది. అది కొలిచే నీటి ఉష్ణోగ్రతను ఎవరైనా చూడవచ్చు. సంక్రాంతి రోజుల్లో అక్కడి నీళ్లు దాదాపు 12 డిగ్రీలు ఉంటే, ఉగాది దాటాక 10, 11కు పడిపోతాయి. వసంతంలో వాయవ్యం నుంచి బలంగా వీచే గాలులు, భూభ్రమణ ప్రభావం కలిసి తీరం దగ్గరి పైనీటిని బయటికి నెట్టేస్తాయి. ఆ చోటు నింపడానికి అడుగున ఉన్న చల్లటి నీళ్లు పైకి వస్తాయి. దసరా, దీపావళి నాటికి గాలులు తగ్గి నీళ్లు 14, 15 డిగ్రీలకు చేరతాయి. ఇక్కడ సర్ఫింగ్ చేసేవారికి అవే మంచి రోజులు. రుషికొండ దగ్గర చలికాలంలోనూ నీళ్లు 25 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి కాబట్టి అక్కడ ఒంటికి అతుక్కునే పలుచటి చొక్కా చాలు. ఇక్కడ ఎండను నమ్మి వెట్‌సూట్ కొనకూడదు.

అందుకే 4/3 కొన్నాను. ఛాతీ, నడుము భాగంలో మందం నాలుగు మిల్లీమీటర్లు, చేతులకూ కాళ్లకూ మూడు. నీళ్లలో బోర్డుమీద బోర్లా పడుకుని చేతులతో తోసుకుంటూ పోవాలి కాబట్టి భుజాల దగ్గర మందం పెరిగితే అలసట ముందే వస్తుంది. ఒంటికీ సూటుకూ మధ్య చేరిన నీటి పొరే వెచ్చగా ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. అసలు పని చేసేది నియోప్రీన్‌లో బంధించి ఉన్న సన్నటి వాయు బుడగలు. బర్కిలీలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ 1950ల ఆరంభంలో పట్టుకున్న కీలకం ఇదే: మనిషి పొడిగా ఉండనక్కరలేదు, ఆ బుడగలు ఉంటే చాలు.

అయితే ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నా సూటు వదులుగా ఉంటే దండగ. మొదట తెప్పించిన సైజు నిలబడి అద్దంలో చూసుకుంటే చక్కగానే ఉంది. నీళ్లలో మాత్రం నడుము వెనుక చిన్న ఖాళీ. కెరటం కింద మునిగిన ప్రతిసారీ మెడ నుంచి వెన్నుపూస వెంట చల్లటి నీళ్లు జారేవి. మార్చుకుని ఒక సైజు తక్కువది తీసుకున్నాను. కొనేటప్పుడు చేతులు పైకెత్తి, గొంతుక్కూర్చుని చూడండి. చంకల్లోనూ నడుము వెనుకా గుప్పెడు పట్టుకునేంత వదులు ఉంటే వద్దనండి. వేసుకోవడానికి కాస్త కష్టమైనా ఛాతీ జిప్పు ఉన్నదే నా ఎంపిక, వీపు జిప్పులోంచి నీళ్లు ఎక్కువగా కారతాయి. కుట్లు కూడా చూడాలి. అంచులను జిగురుతో అతికించి, సూది అవతలికి దిగకుండా కుట్టినవి ఈ చల్లటి నీళ్లకు తప్పనిసరి.

మొదటి రెండేళ్లు ఏ లోటూ లేదు. మే నెలలో కూడా గంటన్నర హాయిగా ఉండేవాడిని. మూడో ఏడు కుడి చంక కింద కుట్టును కప్పే లోపలి టేపు ఊడింది. కంపెనీకి రాస్తే వారంటీ గడువు దాటిందన్నారు. వెయ్యి మైళ్లు నడవాల్సిన చెప్పు వందకే తెగినట్టు బాధ కలిగింది. నియోప్రీన్ జిగురు రెండు పలుచటి పూతలు వేసి, ఆరనిచ్చి, గట్టిగా నొక్కి నేనే అతికించాను. అది ఇప్పటికీ నిలిచింది. మోకాళ్ల దగ్గర మాత్రం పొర అణిగిపోయింది. అణిగిన బుడగలు మళ్లీ ఉబ్బవు. ఇప్పుడు మే నీళ్లలో ముప్పావుగంటకే వణుకు మొదలవుతుంది.

అందులో నా తప్పూ ఉంది. తడిబట్టను ఎండలో ఆరేయడం మన ఇళ్ల అలవాటు, ఏడాదిపాటు దీన్నీ అలాగే ఆరేశాను. భుజాల దగ్గర సాగే గుణం తగ్గాక తెలిసింది, ఎండ నియోప్రీన్‌ను గట్టిపరుస్తుందని. ఇప్పుడు మంచినీళ్లలో జాడించి, తిరగేసి, నడుము దగ్గర మడిచి నీడలో వేస్తున్నాను. భుజాలకు హ్యాంగరు తగిలిస్తే నీటి బరువుకు అవి సాగిపోతాయి.

మార్చి నుంచి జూన్ వరకు వాడుకోవడానికి ఈసారి తలకప్పు కలిపి కుట్టిన 4/3 తీసుకుంటున్నాను, కాళ్లకు మూడు మిల్లీమీటర్ల బూట్లు ఎలాగూ ఉన్నాయి. పాతదాన్ని పారేయను. దీపావళి నీళ్లకు దానిలో మిగిలిన వెచ్చదనం సరిపోతుంది.