'పొల్యూషన్ డిటాక్స్' ఫేషియల్‌కి డబ్బు కట్టే ముందు ఆ జెల్‌ని స్టీలు ట్రే మీద రుద్ది చూడండి

బెంగళూరులో మారతహళ్ళి వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మొహం మీంచి నల్లటి ఉండలు రాలే వీడియోలు పెట్టే పార్లరే. ఆరు సిట్టింగులకి 9,000, ముందే కట్టించుకున్నారు. కట్టిన బుద్ధికి ఒక దండం.

జెల్ రాసి రెండు నిమిషాలు రుద్దితే బూడిదరంగు ఉండలు వస్తాయి. "చూశారా మేడమ్, సిల్క్‌బోర్డ్ పొగంతా బయటికొచ్చేసింది" అని, ఆ ట్రాఫిక్ జంక్షన్ పేరు చెప్పి, టిష్యూ మీద పెట్టి చూపిస్తారు. ట్యూబు వెనక చదివితే కార్బోమర్ (జెల్‌ని చిక్కబరిచేది), స్టియర్‌ట్రిమోనియం క్లోరైడ్ (జుట్టు కండిషనర్లలో వాడేది), బొగ్గుపొడి. మొదటిదానికి రుణావేశం (నెగటివ్ ఛార్జ్), రెండోదానికి ధనావేశం (పాజిటివ్ ఛార్జ్). రుద్దేకొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండ కడతాయి. నలుపు బొగ్గుది. నలుగు పెడితే శనగపిండి రాలదూ? దాన్ని లారీ పొగ అని ఏ అమ్మమ్మా అనలేదు.

అదే జెల్ ఒక చుక్క తీసి పక్కనున్న స్టీలు ట్రే మీద రుద్దాను. అవే ఉండలు, అదే రంగు. ఫేషియల్ చేసే అమ్మాయి తడబడనైనా లేదు. "ట్రేకి కూడా పొల్యూషన్ పడుతుంది కదా మేడమ్" అంది, నవ్వుతూ! పక్క కుర్చీలో ఆవిడా నవ్వింది, పాపం ఆవిడదీ అదే ప్యాకేజీ. డబ్బు వాపసు అడిగితే బిల్లు వెనక చిన్న అక్షరాలు చూపించారు.

పీఎం 2.5 అంటే గాలిలోని సన్నటి కాలుష్య రేణువు, 2.5 మైక్రాన్లకి మించదు, వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. అసలు హాని దానికి అంటుకొచ్చే హైడ్రోకార్బన్లది. ఓజోన్ అయితే చర్మం నూనెలోని స్క్వాలీన్‌ని ఆక్సీకరించి, పైపొరలో ఉన్న విటమిన్ ఇని ఖర్చు చేసేస్తుంది. ఈ దెబ్బ రుద్దితే రాలేది కాదు. పైగా గట్టిగా రుద్దితే పైపొరే దెబ్బతిని మంట, ఎరుపు మొదలవుతాయి. అలాంటి మొహంతో మళ్ళీ అదే ట్రాఫిక్‌లోకి!

ఇంటికిచ్చిన 'రిపేర్ క్రీము' తెల్ల డబ్బీ మీద తయారీదారు పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ లేదు. అలాంటిది నాలుగు రోజుల్లో మొహం తెల్లబరిచి, ఆపగానే ఎర్రగా మండి మొటిమలు తెప్పిస్తే స్టెరాయిడ్ కలిసిందేమో అని అనుమానించాల్సిందే. మొమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఇప్పటికే వాడుతుంటే డబ్బీతో సహా చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

సాయంత్రం రాగానే ఘాటులేని క్లెన్సర్‌తో నిమిషం లోపు కడుక్కుని, తడి ఆరకముందే సెరమైడ్ల (చర్మం పైపొరలో సహజంగా ఉండే కొవ్వులు) క్రీము రాస్తే చాలు. పగలు సన్‌స్క్రీన్. విటమిన్ సి సీరం వాడుతుంటే, అది గోధుమరంగుకి తిరిగితే ఆక్సీకరించినట్టే, పారేయండి.

నావి ఇంకా ఐదు సిట్టింగులున్నాయి, ఎవరికైనా కావాలా? మొహం అక్కర్లేదు, ట్రే ఉంటే చాలు.