స్క్రీన్‌షాట్ తీయడం హాయి, ప్రింటు తీయడమే గోల

విండోస్‌లో స్క్రీన్‌షాట్ తీసి ప్రింటు కొట్టడం గురించి రాస్తున్న ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఒక్క టిక్ మార్కు మీద కోపమే, ముందే చెబుతున్నా. విండోస్‌లో ఏదైనా బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్రింట్ అంటే ‘ప్రింట్ పిక్చర్స్’ అని పాతకాలం బాక్సు ఒకటి వస్తుంది. దాని అడుగున ‘ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్’ అని ఒక గడి, అందులో ఎవరూ అడక్కుండానే పెట్టి ఉంచిన టిక్. కాగితం నిండేదాకా బొమ్మని పెద్దది చేసి, పట్టకుండా మిగిలిన అంచుల్ని కోసి పారేయడం దాని పని.

మాది తెనాలిలో చిన్న అకౌంట్స్ ఆఫీసు. జీఎస్టీ, పీఎఫ్, కాంట్రాక్టర్ల బిల్లులు. రోజంతా ఏదో ఒక పోర్టల్ తెరిచే ఉంటుంది, స్క్రీన్‌షాట్లు తీస్తూనే ఉంటాం, వాటిని ప్రింటు కొడుతూనే ఉంటాం. ఇప్పుడు వాడుతున్నది 14 అంగుళాల మామూలు ల్యాప్‌టాప్, విండోస్ 11, పక్కన బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్. విండోస్ 7 రోజుల నుంచీ ఇదే పని చేస్తున్నా. షార్ట్‌కట్ల పట్టిక ఎక్కడ చూసినా దొరుకుతుంది, మళ్లీ ఇక్కడెందుకు?

ముందు మంచి చెప్పేస్తాను. విండోస్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే తెర మసకబారి, కావలసినంత మేర గీసుకుంటే ఆ ముక్క మాత్రం వచ్చే సౌకర్యం విండోస్ 10కి 2017లో వచ్చిన అప్‌డేట్‌తో మొదలైంది. అంతకుముందు నేనైతే తెరంతా కాపీ చేసి, పెయింట్ తెరిచి, అందులో అతికించి, మళ్లీ అంచులు కత్తిరించి, పేరు పెట్టి సేవ్ చేసుకునేదాన్ని. ఆ బాధ పోయింది. ఈ పని చేసిపెట్టే ఇప్పటి స్నిప్పింగ్ టూల్ తీసినదాన్నల్లా తనే పిక్చర్స్‌లో స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో పడేస్తుంది. బొమ్మలోంచి అక్షరాల్ని కాపీ చేసుకునే వీలు కూడా 2023లో వచ్చింది. జీఎస్టీ చలాన్ గుర్తింపు నంబరు (సీఐఎన్) 17 అక్షరాలుంటుంది, దాన్ని చూసి చూసి టైపు కొట్టే పని తప్పింది. తీసే వరకూ నాకు ఏ వంకా లేదు.

అంతా ఆన్‌లైన్ అయ్యాక కాగితం ఎందుకంటారేమో. డబ్బు ఖాతాలోంచి పోతుంది, రసీదు రాదు. లేదా రసీదు వస్తుంది, రెండు రోజుల తర్వాత చూస్తే స్టేటస్ ‘పెండింగ్’ అని మారి ఉంటుంది. ఆ క్షణంలో తెర మీద కనిపించిందే మన దగ్గరున్న ఆధారం. పైగా ఫైల్లో పెట్టుకోవడానికి కాగితం కావాలనే ఆఫీసులు మా చుట్టుపక్కల ఇంకా చాలానే ఉన్నాయి.

కిందటేడు వేసవిలో జరిగిందిది. మా దగ్గర లెక్కలు రాయించుకునే కాంట్రాక్టరుగారు ఒకాయన ఒక టెండరుకి ఫీజు కట్టాలి. సాయంత్రం 5 లోపు గుంటూరులో ఒక ఆఫీసు కౌంటర్లో రసీదు ఇచ్చి రావాలి. నేనే ఆన్‌లైన్లో కట్టాను. డబ్బు పోయింది, ‘సక్సెస్’ అని ఆకుపచ్చ పట్టీ వచ్చింది, రసీదు డౌన్‌లోడ్ బటన్ నొక్కితే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. రీఫ్రెష్ చేస్తే ఉన్న పేజీ కూడా పోతుందేమోనని టెన్షన్. అందుకని తెర మొత్తం షాట్ తీశాను. ముక్క తీయకుండా మొత్తం ఎందుకంటే, పైన వెబ్‌సైటు అడ్రసు, కింద కుడి మూల తేదీ, టైము కనిపించాలి. కౌంటర్లో కూర్చున్నవాళ్లు ముందు చూసేవి అవే. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రింట్. కాగితం నీట్‌గా వచ్చింది, మధ్యలో సక్సెస్ అని కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఆయన మడిచి జేబులో పెట్టుకుని బండెక్కారు.

నాలుగు దాటాక ఫోను.

“అమ్మా, కాగితం మీద నంబరు పూర్తిగా లేదంటున్నారమ్మా. తేదీ ఏదీ అంటున్నారు.”

“ఉంటుంది బాబాయిగారూ, కింద కుడివైపు మూల చూడండి.”

“కుడివైపు ఏముందమ్మా, అక్కడితో కాగితం అయిపోయింది.”

ఫైలు తెరిచి చూస్తే అన్నీ ఉన్నాయి. ట్రాన్సాక్షన్ నంబరు పట్టికలో చివరి గడిలో శుభ్రంగా ఉంది. గడియారం ఉంది, తేదీ ఉంది. ఆయన ఆ ప్రింటుని ఫోటో తీసి పంపాక చూద్దును కదా, ఆ చివరి గడి మధ్యకి తెగిపోయింది. టాస్క్‌బార్ ఉంది గానీ దాని కొసన గడియారం లేదు. ఎడమవైపు వెబ్‌సైటు పేరులో మొదటి అక్షరాలు ఎగిరిపోయాయి. పనికిమాలిన ఖాళీ జాగా అంతా భద్రంగా మధ్యలో ఉంది.

ఫైలుని వాట్సాప్‌లో పంపాను. ఫోటోగా పంపితే కుదించేసి అక్షరాలు అలుక్కుపోతాయని డాక్యుమెంటుగానే పెట్టాను. ఆయన ఆ కౌంటరున్న ఆఫీసుకి ఎదురుగా జిరాక్స్ షాపులో ప్రింటు తీయించారు. అదీ అచ్చం అలాగే తెగి వచ్చింది! ఊరు వేరు, ప్రింటర్ వేరు, కోత మాత్రం ఒకటే. ఆ లోపు ఇక్కడ నేను ప్రింట్ బాక్సు తెరిచి ఒక్కో గడీ మార్చి చూస్తున్నా. అడుగునున్న టిక్ తీయగానే ప్రివ్యూలో గడియారం ప్రత్యక్షమైంది. వెంటనే ఫోను షాపు కుర్రాడికి ఇవ్వమన్నాను.

“తమ్ముడూ, కింద ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్ అని ఉందా?”

“ఉందక్కా.”

“ఆ టిక్ తీసెయ్.”

“తీశా. పైనా కిందా తెల్లగా వదిలేస్తోందక్కా, పర్లేదా?”

“అదే కావాలి, కొట్టెయ్.”

టైముకి కాగితం కౌంటర్లో పడింది. ఆయన తిరిగొచ్చాక నన్నేమీ అనలేదు, నాకే ఆ టిక్ మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఎంత తెగుతుందో లెక్క కడితే ఒళ్లు మండుతుంది. నా తెర 1920 బై 1080, అంటే ఎత్తుకి 1.78 రెట్లు వెడల్పు. ఏ4 కాగితం 297 బై 210 మిల్లీమీటర్లు, అడ్డంగా తిప్పినా 1.41 రెట్లే. ఎత్తంతా నిండాలంటే వెడల్పులో సుమారు ఐదో వంతు బయటికి పోవాల్సిందే, అటు పదో వంతు, ఇటు పదో వంతు. కంప్యూటర్ తెర మీద ఆ రెండు పదో వంతుల్లోనే కదా అడ్రసు మొదలు, గడియారం, మొత్తం అని రాసి ఉండే చివరి గడి ఉండేది. మూడు వరుసల పట్టికని సన్నగా పొడుగ్గా కత్తిరించి ప్రింటు కొడితే ఇంకా దారుణం, మధ్య రెండు గడులు భూతద్దంలో పెట్టినట్టు పేజీ అంతా వస్తాయి. ఫోటోల కోసం చేసిన బాక్సు ఇది. పెళ్లి ఫోటోలో అంచునున్న షామియానా గుంజ పోతే ఎవరికీ నష్టం లేదు, రసీదులో పోతే ఉంది. టిక్ ఒకసారి తీసేస్తే గుర్తు పెట్టుకుంటుందా అంటే అదీ లేదు. నా మెషీన్లో వచ్చేసారి మళ్లీ యథాస్థానంలో కూర్చునే ఉంటుంది.

అందుకని ఆ దారే మానేశాను. ఇప్పుడు షాట్ తీయగానే వర్డ్‌లో కంట్రోల్ వీ కొడతాను. వర్డ్ బొమ్మని మార్జిన్లకి సరిపోయేలా కుదిస్తుంది గానీ కోయదు. పైన పార్టీ పేరు, ఏ నెలది, దేనికి సంబంధించింది అని ఒక లైను టైపు చేసుకోవచ్చు, ఒకే పేజీలో రెండు షాట్లు పట్టించుకోవచ్చు. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కిందికి వెళ్లి బొమ్మల్ని కుదించవద్దనే గడి టిక్ చేసుకోండి, లేకపోతే సేవ్ చేసినప్పుడు నాణ్యత కొంత తగ్గిస్తుంది. చూశారా, ఒక టిక్ తీయాలి, ఇంకో టిక్ పెట్టాలి! వర్డ్ లేనివాళ్లు పెయింట్‌లో పేజ్ సెటప్‌కి వెళ్లి ఒక పేజీకి సరిపెట్టమని చెప్పవచ్చు. ఫోటోస్ యాప్‌లోంచి తీస్తే ‘ష్రింక్ టు ఫిట్’ ఎంచుకోవాలి.

కోత సమస్య తీరాక రంగుల సమస్య మిగిలింది. పోర్టళ్లలో అక్షరాలు ఫ్యాషన్‌గా లేత బూడిద రంగులో పెడతారు. తెర మీద కళ్లకి హాయి. బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్ దగ్గర బూడిద రంగంటూ ఉండదు, నల్ల చుక్కల్ని దూరదూరంగా చల్లి ఆ భ్రమ కలిగిస్తుంది. సన్నటి అక్షరాన్ని అలా చుక్కలుగా వేస్తే 3కీ 8కీ తేడా తెలియదు. కాగితాన్ని వెలుతురులో పెట్టి చూడండి, 8 నడుము దగ్గర విడిపోయి ఉంటుంది. ఇంకో తమాషా, చెల్లింపు అయిందనడానికి ఆకుపచ్చ, ఫెయిలైందనడానికి ఎరుపు పెడతారు కదా, మా ప్రింటులో రెండూ దాదాపు ఒకే బూడిద. లోపల రాసింది చదివితే తప్ప ఏది ఏదో తెలియదు.

దీనికి నేను చేసేది, షాట్ తీసే ముందు బ్రౌజర్లో కంట్రోల్‌తో పాటు ప్లస్ నొక్కి పేజీని 150 శాతానికి పెంచడం. ఒక్కో అక్షరానికి పిక్సెళ్లు ఎక్కువ పడతాయి కాబట్టి ప్రింటులో గీత తెగదు. తీసిన తర్వాత బొమ్మని పెద్దది చేస్తే ఆ ఫలితం రాదు, మసకే పెద్దదవుతుంది. డార్క్ మోడ్ వాడేవాళ్లు షాట్‌కి ముందు లైట్‌కి మారండి, లేకపోతే టోనర్ గోవిందా.

పైన స్నిప్పింగ్ టూల్‌ని తెగ మెచ్చుకున్నాను గానీ, వాడగా వాడగా కొన్ని కనిపించాయి. అక్షరాలు కాపీ చేసే సౌకర్యం అంకెల దగ్గర బాగానే ఉంటుంది, సున్నాకీ ఇంగ్లీషు ‘ఓ’కీ మధ్య ఒక్కోసారి తడబడుతుంది. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో అయిదోది ఎప్పుడూ సున్నానే కాబట్టి అక్కడ సరిదిద్దుకోవచ్చు, పాన్ నంబర్లలోనూ ఏది అక్షరం, ఏది అంకె అనేది స్థానాన్ని బట్టి తెలుస్తుంది, మిగతా చోట్ల కళ్లు పెట్టి సరిచూసుకోవాల్సిందే. తనే సేవ్ చేయడం అంటే కూడా మొదట్లో ఉన్నంత సంబరం ఇప్పుడు లేదు. పార్టీల బ్యాంకు ఖాతాలు, ఆధార్ నంబర్లు అన్నీ ఒకే ఫోల్డర్‌లో పోగుపడతాయి. పిక్చర్స్ ఫోల్డర్‌కి వన్‌డ్రైవ్ బ్యాకప్ పెట్టుకుని ఉంటే అవన్నీ క్లౌడ్‌కీ చేరతాయి. 2023 మార్చిలో ఇంకో సంగతి బయటపడింది. ఈ టూల్‌లో బొమ్మని క్రాప్ చేసి అదే ఫైలు మీద సేవ్ చేస్తే, కత్తిరించిన భాగం తాలూకు డేటా కొంత ఫైల్లోనే ఉండిపోయేది, వెలికితీయడం సాధ్యమేనని తేలింది. ఆ నెలలోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. అంతకుముందు క్రాప్ చేసి ఎవరికైనా పంపిన ఫైళ్ల సంగతి మాత్రం ఆ అప్‌డేట్ ఏం చేయగలదు? దాచాల్సిన నంబర్లుంటే మాత్రం ప్రింటే నయం, కాగితం మీద లేనిది లేనట్టే.

పొడుగాటి పేజీల గురించి ఒక్క మాట. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ మొత్తాన్ని ఒకే షాట్‌గా తీయవచ్చు, దాచుకోవడానికి బాగుంటుంది. ప్రింటుకి పనికిరాదు, ఏ4లో పట్టిస్తే రిబ్బనంత సన్నగా వస్తుంది. అలాంటి వాటికి బ్రౌజర్లోనే కంట్రోల్ పీ కొట్టి పీడీఎఫ్‌గా దాచుకుంటాను. పేజీ చెదిరిపోతే అప్పుడు ముక్కలు ముక్కలుగా షాట్లు. కోర్టుకి ఇవ్వాలనుకునేవాళ్లు ఈ ప్రింట్ల మీద మరీ ధీమా పెట్టుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియమం, 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. అది లాయరుగారితో మాట్లాడుకోవాల్సిన విషయం.

మరి ఇంతకీ బాగుందా, లేదా? తీయడం వరకూ నా ఓటు స్నిప్పింగ్ టూల్‌కే, ఇంకేదీ డబ్బు పెట్టి కొనాల్సిన పని లేదు. రైట్ క్లిక్ ప్రింటుకి మాత్రం సున్నా. అయితే నాది రసీదుల యాపారం, నలుపు తెలుపు ప్రింటర్, అంచున ఉన్న అంకే ముఖ్యమైన పని. పిల్లల ప్రాజెక్టుకో, వంటల రెసిపీకో, నెలకో షాట్ రంగుల్లో ప్రింటు తీసుకునేవాళ్లకి ఈ గోల అసలు తగలకపోవచ్చు, కాగితం నిండుగా వచ్చిందని ఆ టిక్కే నచ్చినా నచ్చవచ్చు. అలాంటివాళ్లు కూడా ప్రింట్ కొట్టే ముందు ప్రివ్యూలో కుడివైపు అంచు ఒకసారి చూసుకుంటే చాలు.