పారిస్–మిలాన్ గంటన్నరే అని టికెట్ కొంటున్నారా? జాగ్రత్త!

అమ్మానాన్నలను యూరప్ తిప్పాలనుకుంటున్నవాళ్లు టికెట్లు కొనేముందు ఇది చదవండి. టికెట్లు అమ్మే ఒక సైట్ "పారిస్–మిలాన్, గంటన్నర, 35 యూరోలు" అని చూపించి మాకు అంటగట్టిన విమానం పారిస్‌లో ఎక్కేదీ కాదు, మిలాన్‌లో దిగేదీ కాదు.

ఎక్కాల్సింది బోవేలో. అది పారిస్‌కి ఉత్తరాన దాదాపు 85 కిలోమీటర్లు. దిగేది బెర్గామో దగ్గర. అక్కడి నుంచి మిలాన్ సెంట్రల్ స్టేషన్‌కి మరో 50 కిలోమీటర్లు. సైట్‌లో ఊళ్ల పేర్లే కనిపించాయి. విమానాశ్రయం సంగతి డబ్బు కట్టాక వచ్చిన మెయిల్‌లో, అదీ మూడక్షరాల కోడ్‌గా!

విమానం తెల్లవారుజామున. బోవే బస్సుకే గంటంబావు పడుతుంది. అది అందుకోవాలంటే మెట్రో లేని వేళ బయల్దేరాలి. మోకాళ్ల నొప్పులున్న నాన్నను ఆ చీకట్లో బస్సు కోసం నిలబెట్టలేక ట్యాక్సీ మాట్లాడాం. 200 యూరోలు దాటింది. నలుగురి టికెట్లూ కలిపితే 140! చెకిన్, సెక్యూరిటీ, అవతల బెర్గామో నుంచి గంట బస్సు, అన్నీ అయ్యి హోటల్ చేరేసరికి ఏడు గంటలు. పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి నేరుగా మిలాన్ వెళ్లే హైస్పీడ్ రైలుకీ సుమారు ఏడు గంటలే. ఊరి మధ్యలో ఎక్కి ఊరి మధ్యలో దిగొచ్చు. 2023 ఆగస్టులో కొండచరియలు పడి ఆ లైను మూసేశారు కానీ 2025 మార్చి చివర్లో మళ్లీ తెరిచారు.

రద్దు చేయమంటే సైట్‌వాళ్లు కుదరదన్నారు. యూరప్‌లో ఆన్‌లైన్‌లో కొన్నవాటికి ఉండే 14 రోజుల రద్దు హక్కు విమాన టికెట్లకు వర్తించదు. కాబట్టి చూసుకోవాల్సిందంతా డబ్బు కట్టకముందే.

రెండు విమానాశ్రయాల మధ్య దూరం, టైము చెప్పే పేజీలనూ నమ్ముకోకండి. అవి లెక్కగట్టేది గాల్లో దూరం. బోవే–బెర్గామో సుమారు 700 కిలోమీటర్లు, విమానం వేగంతో భాగిస్తే గంట కూడా రాదు. రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, దిగడానికి వంతు కోసం ఆగడం చాలాసార్లు అందులో ఉండవు. ఇక టికెట్ మీదివి ఏ ఊరికి ఆ ఊరి టైములు. ఉదాహరణకు లండన్ గడియారం పారిస్ కన్నా గంట వెనక, ప్రయాణ సమయం లెక్కేసేటప్పుడు అది కూడా చూసుకోవాలి.

నాకు ఎక్కువ భయం హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ల గురించి. దోహా మీదుగా వచ్చి పారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో దిగి, వేరే టికెట్‌తో బోవేలో ఇంకో విమానం ఎక్కే ప్లాన్ దయచేసి పెట్టుకోకండి. ఇమిగ్రేషన్ దాటి, లగేజీ తీసుకుని, రోడ్డు మీద అంత దూరం పోవాలి. టికెట్లు వేర్వేరు కాబట్టి మొదటి విమానం లేటవడం వల్లే రెండోది తప్పిపోయినా ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు.

పేరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్న హాన్ విమానాశ్రయం కూడా ఇలాంటిదే, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సుమారు 120 కిలోమీటర్లు. బ్రస్సెల్స్ పేరుతో అమ్మే షార్లెరువా, బార్సిలోనా పేరుతో అమ్మే జిరోనా కూడా ఊరికి దూరమే.

వెతికేటప్పుడు ఊరి పేరు కాకుండా విమానాశ్రయం పేరు కొట్టండి. పారిస్‌లో ఓర్లీ లేదా చార్లెస్ డి గాల్, మిలాన్‌లో లినాటే. లినాటే నుంచి ఎం4 మెట్రో ఎక్కితే పావుగంటలోపే సాన్ బాబిలా, అంటే ఊరి నడిమధ్య.