మ్యాప్ యాప్‌లో బస్సు దారి: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

సొంత బండి లేకుండా బస్సుల మీదా రైళ్ల మీదా ఆధారపడి తిరిగేవాళ్లలో నేనొకణ్ణి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, కారు బొమ్మను వదిలేసి బస్సు బొమ్మ నొక్కడం చాలా ఏళ్లుగా నా రోజువారీ అలవాటు. ఎక్కువగా వాడేది గూగుల్ మ్యాప్స్. ఆపిల్ మ్యాప్స్, సిటీమ్యాపర్, మూవిట్ కూడా తగినంత కాలం వాడాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: దారి చెప్పడంలో వీటికి పదికి తొమ్మిది మార్కులు, టైమ్ చెప్పడంలో ఆరు. ఈ తేడా ఎందుకొస్తుందో తెలిసిన మనిషికి ఈ యాప్‌లు చాలా మేలు చేస్తాయి. తెలియకపోతే స్టాప్‌లో నిలబెట్టి విసిగిస్తాయి.

మంచి సంగతులు ముందు. కొత్త ఊళ్లో బస్సెక్కేవాళ్లకు నంబరు తెలిసినా రెండు భయాలుంటాయి. రోడ్డుకు ఏ వైపు నిలబడాలి? ఎక్కడ దిగాలి? ఈ రెండింటికీ యాప్ దాదాపు ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుంది. ఒకే పేరుతో రోడ్డుకు రెండు వైపులా రెండు స్టాప్‌లున్నా, మనం ఎక్కాల్సిన వైపే చుక్క పెడుతుంది. ఎక్కాక, మధ్యలో వచ్చే స్టాప్‌ల జాబితా విప్పి చూసుకుంటే మన నీలి చుక్క ఒక్కో పేరూ దాటుతూ పోవడం కనిపిస్తుంది. పక్కవాళ్లను పదేపదే అడగక్కర్లేదు, కిటికీలోంచి బోర్డుల కోసం వెతుక్కోనక్కర్లేదు. రాత్రివేళ, వానలో అద్దాలు మసకబారినప్పుడు ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఫోన్‌కు దండం పెట్టాలనిపిస్తుంది. భాష రాని చోట దీని విలువ ఇంకా ఎక్కువ.

ఇదంతా ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకుంటే లోపాలు కూడా అర్థమవుతాయి. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో అక్కడి రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి దీనికి పునాది వేశాయి. కారు దారి దొరికినంత సులువుగా బస్సు దారి కూడా దొరకాలన్నది ట్రైమెట్‌లో పనిచేసిన బిబియానా మెక్‌హ్యూ పట్టుదల. అప్పుడు పుట్టిన పద్ధతినే ఇప్పుడు జీటీఎఫ్‌ఎస్ అంటున్నారు. రవాణా సంస్థ తన స్టాప్‌లు, రూట్లు, ఏ బండి ఏ స్టాప్‌కు ఎన్నింటికి వస్తుంది, ఏయే రోజుల్లో నడుస్తుంది అన్నవన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాసి ఇస్తుంది. యాప్ వాటిని చదువుకుని దారి కడుతుంది. అంటే మ్యాప్ కంపెనీ ఎంత పెద్దదైనా, చెప్పేది ఆ ఫైళ్లలో ఉన్నదే. పండుగ రోజు టైమ్‌టేబుల్ మారిందని సంస్థ ఫైల్లో రాయకపోతే, ఆ రోజు కూడా యాప్ మామూలు రోజు లెక్కే చెబుతుంది.

ఇంకో విషయం చాలామంది గమనించరు. చాలా రూట్లలో సంస్థ దగ్గర కచ్చితమైన టైమ్ ఉండేది కొన్ని పెద్ద స్టాప్‌లకే. మధ్యలో ఉన్న చిన్న స్టాప్‌లకు దూరాన్ని బట్టి నిమిషాలు పంచుతారు. ఫోన్‌లో 9:13 అని కనిపిస్తే అదేదో కొలిచి చెప్పినట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి 9:10కీ 9:18కీ మధ్య ఎప్పుడైనా అని చదువుకోవాలి. చిన్న స్టాప్‌లో ఎక్కేవాళ్లు ఐదు నిమిషాలు ముందు వెళ్లడమే మేలు.

ఇక లైవ్ సమాచారం. బండి ఇప్పుడు ఎక్కడుంది, ఎంత ఆలస్యం అన్నది పంపే ఏర్పాటు 2011లో జీటీఎఫ్‌ఎస్‌కు తోడైంది. గూగుల్ మ్యాప్స్‌లో టైమ్ ఆకుపచ్చగా, పక్కన చిన్న సిగ్నల్ గుర్తుతో ఉంటే బండి నుంచి సమాచారం వస్తోందని అర్థం. ఆ గుర్తు లేకపోతే అది టైమ్‌టేబుల్లో రాసిన టైమ్, అంతే. ఈ ఒక్క తేడా తెలిశాక నా ప్రయాణాల్లో సగం చికాకు తగ్గింది. ఇంట్లోంచి బయల్దేరే ముందు నేను మొదట చూసేది ఆ గుర్తు ఉందా లేదా అనే.

లైవ్ గుర్తున్నా పూర్తిగా నమ్మకూడని సందర్భం ఒకటుంది. అది బండి ఇంకా బయల్దేరే చోటే ఆగి ఉన్నప్పుడు. రోడ్డు మీద పరుగెత్తుతున్న బస్సు ఎప్పుడొస్తుందో దాని వేగాన్ని బట్టి అంచనా వేయొచ్చు. డిపో దగ్గర నిలబడ్డ బస్సు డ్రైవర్ ఎప్పుడు కదిలిస్తాడో ఏ లెక్కకూ అందదు. అందుకే రూట్ మొదట్లో ఉన్న స్టాప్‌లలో అంచనాలు ఎక్కువగా తప్పుతాయి, చివర్లో ఉన్నవాటికి బాగా కుదురుతాయి. మీ స్టాప్ ఆ రూట్లో ఎన్నోదో ఒకసారి చూసుకోండి.

అన్నిటికన్నా విసిగించేది రాని బస్సు. 6 నిమిషాలు, 4, 2, ఇదిగో వచ్చేసింది అంటుంది. తర్వాత జాబితాలోంచే మాయమవుతుంది. రోడ్డు ఖాళీ. నేను వాడే యాప్‌లలో ఒకదాంట్లో ఒక రూట్ మీద ఇది తరచుగా జరిగేది. కారణం చాలావరకు ఒకటే: ఆ ట్రిప్ రద్దయింది, రద్దయిన కబురు డేటాలోకి రాలేదు. యాప్ టైమ్‌టేబుల్‌ను పట్టుకుని లెక్క తగ్గించుకుంటూ పోయింది. సాంకేతికంగా దీన్ని అర్థం చేసుకోగలను. కానీ చీకటి పడ్డాక స్టాప్‌లో ఒంటరిగా నిలబడ్డ మనిషికి ఆ అంకెలు ఒక మాట ఇచ్చినట్టే. ఆ మాటకు ఆధారం ఏమిటో, బండి నుంచి చివరిసారి సమాచారం ఎంతసేపటి క్రితం వచ్చిందో పెద్ద అక్షరాల్లో చూపించాలి. ఇది అడగడానికి నేను మొహమాటపడను.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మార్గాల వరస గురించి. యాప్‌లో పైన కనిపించేది చాలావరకు తొందరగా చేర్చే మార్గం. ఈ లెక్కలకు వాడే పద్ధతుల్లో పేరున్నది 2012లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు ప్రచురించిన రాప్టర్. ఒక్క బండితో ఎక్కడెక్కడికి ఎప్పుడు చేరగలం, రెండు బండ్లతో ఎప్పుడు, మూడింటితో ఎప్పుడు అని విడతలుగా లెక్కేస్తుంది. చాలా తెలివైన, వేగమైన పద్ధతి. అయితే ఇలాంటి లెక్క మామూలుగా ప్రతి బండీ చెప్పిన టైమ్‌కే వస్తుందని అనుకుని సాగుతుంది. ప్రయాణికుడికి ఆ ధీమా ఎక్కడిది?

ఒక లెక్క చూడండి. మొదటి మార్గం 42 నిమిషాలు. మధ్యలో ఒకసారి బస్సు మారాలి, మారడానికి 3 నిమిషాల వ్యవధి, ఆ రెండో బస్సు అరగంటకొకటి. రెండో మార్గం నేరుగా వెళ్లేది, 48 నిమిషాలు. యాప్ 42ను పైన పెడుతుంది. కానీ ఆ కనెక్షన్ తప్పితే ప్రయాణం 72 నిమిషాలు. మూడుసార్లకు ఒకసారి తప్పుతుందనుకుంటే సగటున 52 పడుతుంది. అంటే కింద ఉన్న 48 నిమిషాల మార్గమే అసలైన తొందర దారి. అదే రెండో బస్సు ఐదు నిమిషాలకొకటి ఉంటే తప్పినా నష్టం లేదు, అప్పుడు 42 నిమిషాల మార్గాన్ని హాయిగా తీసుకోవచ్చు. అందుకే నేను మొత్తం నిమిషాల కన్నా ముందు, మారే చోట తర్వాతి బండి ఎంతసేపటికి ఉందో చూస్తాను. ఈ సమాచారం యాప్‌లోనే ఉంటుంది, కానీ మార్గం లోపలికి వెళ్లి వేలితో విప్పితేగానీ కనిపించదు. మొదటి తెరమీదే చూపిస్తే నా ఆరు మార్కులు వెంటనే ఎనిమిది అవుతాయి.

సెట్టింగ్‌ల విషయానికొస్తే, బండ్లు తక్కువసార్లు మారడం, తక్కువ నడక అన్న రెండూ పనికొచ్చేవే. ఫలానా టైమ్‌కు చేరాలి అని పెట్టి వెతకడం ఇంకా మంచిది, ఎందుకంటే ఇంటర్వ్యూకో రైలుకో వెళ్లేటప్పుడు మనకు తెలిసింది చేరాల్సిన టైమే. గూగుల్ మ్యాప్స్‌లో ఆ రోజు చివరి బండి చూపించే వీలు కూడా ఉంది. పొద్దుపోయాక తిరిగి రావాల్సిన ఊరికి వెళ్తే, వెళ్లేటప్పుడే ఇది చూసి పెట్టుకోండి.

నడక భాగం మీద నాకు ఫిర్యాదుంది. గూగుల్ మ్యాప్స్ అందరూ ఒకే వేగంతో నడుస్తారనుకుంటుంది. అమ్మను వెంటబెట్టుకుని వెళ్తే అది చెప్పే 8 నిమిషాలు మాకు పావుగంట. మెట్లున్నాయా, ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కాలా అన్నది చాలా చోట్ల చెప్పదు. వీల్‌చైర్‌కు అనువైన మార్గాలు వెతికే ఎంపిక గూగుల్ 2018లో తెచ్చింది, అది మంచి అడుగే. అయినా స్టేషన్‌లో లిఫ్ట్ ఉందని తెలిసినంత మాత్రాన ఈరోజు అది నడుస్తోందని కాదు. భూగర్భ స్టేషన్లలో జీపీఎస్ అందక నీలి చుక్క తడబడుతుంది కాబట్టి, బయటికొచ్చే గేటు నంబరు లోపలికి దిగే ముందే గుర్తుపెట్టుకోవాలి. ఏ పెట్టె ఎక్కితే దిగినచోట దారి దగ్గరవుతుందో సిటీమ్యాపర్ కొన్ని నగరాల్లో చెబుతుంది. రద్దీలో అది చాలా పెద్ద సాయం.

నెట్ లేకపోతే? గూగుల్ మ్యాప్స్‌లో ఊరి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా బస్సు, రైలు దారులు ఆఫ్‌లైన్‌లో రావు. బయల్దేరే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోవడమే తేలికైన ఉపాయం.

ఆపిల్ మ్యాప్స్ కథ వేరు. 2012లో మొదలైనప్పుడు అందులో బస్సు దారులే లేవు, 2015లో చేర్చారు. ఇప్పుడు అది ఉన్న నగరాల్లో స్టేషన్ ద్వారాలు స్పష్టంగా చూపిస్తుంది. చూపు మీద భారం తక్కువ.

టైమ్‌టేబుల్ లేకుండా, జనం నిండగానే కదిలే వ్యాన్లు ప్రపంచంలో చాలా నగరాలను మోస్తున్నాయి. మ్యాప్‌లో అవి ఎక్కువగా కనిపించవు. కెన్యాలోని నైరోబీలో విశ్వవిద్యాలయాల బృందం ఫోన్లు పట్టుకుని మటాటూ వ్యాన్లలో తిరిగి, వందకు పైగా రూట్లు నమోదు చేసి 2014లో డేటా అందరికీ తెరిచిపెట్టింది. మరుసటి ఏడు అవి గూగుల్ మ్యాప్స్‌లోకి వచ్చాయి. చేయదలిస్తే సాధ్యమేనని దీంతో తేలింది. మిగతా నగరాల్లో ఎందుకు జరగడం లేదన్నదే నా బాధ.

స్టాప్ తప్పు చోట చూపిస్తే యాప్‌లోనే రిపోర్ట్ చేయండి. దానితోపాటు బస్సు నడిపే సంస్థకూ రాయండి. ఫైలు వాళ్లది కాబట్టి, అక్కడ సరిదిద్దితేనే అన్ని యాప్‌లలోనూ ఒకేసారి మారుతుంది.