కోరాపుట్ కొండల్లో టీ: పక్కవాళ్ల నోటితో తాగినవీ, నా నోటితో తాగినవీ

ముందే చెప్పేస్తున్నాను. ఒడిశాలోని కోరాపుట్ దగ్గర్లో ఏ రిసార్టు ముందైనా "మా ఎస్టేట్ టీ టేస్టింగ్" అని బోర్డు కనిపిస్తే, మనిషికి 450 రూపాయలు సమర్పించుకునే ముందు ఒక్క మాట అడగండి: "ఎస్టేట్ ఎక్కడండీ?" మా మరిది అడిగాడు. జవాబు రాలేదు, బిల్లు వచ్చింది.

ఆ ముచ్చటకు వస్తాను. ముందు మా బృందం గురించి చెప్పాలి. మాది బరంపురం. మా ఆయన దృష్టిలో టీ అంటే చిక్కటి పాలు, దంచిన అల్లం, నోరు తీపెక్కేంత పంచదార. తక్కినదంతా కషాయం. అత్తగారు కాఫీ మనిషి. మరిది బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. అతని బ్యాగులో బట్టలకన్నా ముందు సర్దేది చిన్న త్రాసు, థర్మామీటరు, రకరకాల ఆకు పొట్లాలు. నాకు ఈ ఆకు టీల పిచ్చి అంటించింది మాత్రం మరిది కాదు, సిలిగురి నుంచి మా ఆఫీసుకు బదిలీ మీద వచ్చిన ఒక మేడం. డార్జిలింగ్ ఆకులో పాలు పోస్తే ఆవిడ రెండ్రోజులు మాట్లాడేది కాదు. ఆవిడ వెళ్లిపోయాక ఆ బాధ్యత మరిది తీసుకున్నాడు. అంతకుముందు, పెళ్లికి ముందు, మా అమ్మ. "టీ తాగితే నల్లబడిపోతావే" అని ఇంటర్ దాకా గ్లాసు ముట్టుకోనివ్వలేదు. మొత్తానికి నా టీ ఎప్పుడూ ఎవరో ఒకరి అజమాయిషీలోనే ఉంది.

సొంత కారులో బయల్దేరాం. తప్తపాణిలో వేడినీళ్ల కుండం, గంధకం వాసన, పార్కింగ్ 40 రూపాయలు. చూసేసి ముందుకు పోయాం.

చంద్రగిరి దగ్గర మాత్రం ఆగి తీరాలి. గజపతి జిల్లాలో ఈ కొండల మధ్య 1963 నుంచీ టిబెటన్ల కాలనీ ఉంది. జీరంగ్‌లోని పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. గుడి లోపల బుద్ధుడి విగ్రహం, గోడల మీద రంగులు, బయట పెద్ద పచ్చిక, అన్నీ బాగున్నాయి. టిక్కెట్టు అడగలేదు. ఆ కబుర్లు ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నేను వంటింటి వైపు వెళ్తాను.

కాలనీలో ఒక చిన్న హోటల్లో తుక్పా, అంటే వాళ్ల నూడుల్స్ సూప్, 80, మోమోలు ప్లేటు 70. బోర్డులో రాయని వెన్న టీ కూడా దొరుకుతుందని మరిదికి ఎవరో చెప్పారట. అడిగితే, నడివయసు టిబెటన్ ఆవిడ నవ్వి ఒడియాలో "ఉప్పుగా ఉంటుంది, తర్వాత నన్ను అనొద్దు" అంది. కప్పు 30 రూపాయలు. దీనికి అసలు ఇటుకల్లా అచ్చుపోసిన టీ వాడతారు. దాన్ని చాలాసేపు మరగబెట్టి, ఆ డికాషన్‌లో వెన్న, ఉప్పు వేసి చిలుకుతారు. టిబెట్‌లో అయితే జడలబర్రె వెన్న, ఇక్కడ ఆవు వెన్న.

మరిది నా చెవిలో "టీ అనుకోకు వదినా, సూప్ అనుకుని తాగు" అన్నాడు. మా ఆయన ఆ మాట వినలేదు. టీ అనుకునే పెద్ద గుక్క వేశారు. ఆ తర్వాత ఆయన పెరట్లో కుళాయి వెతుక్కుంటూ వెళ్లడం హోటలంతా చూసింది. నేను మాత్రం సగం కప్పు హాయిగా తాగాను. రెండూ ఒకే కెటిల్లోంచి వచ్చినవి. నాకు నచ్చింది టీయా, మరిది ముందే అందించిన "సూప్" అన్న మాటా అని అప్పుడే అనుమానం పట్టుకుంది. అత్తగారు అందరికన్నా నయం. ఎవరి సలహా అడగకుండా ఒక్క గుక్క తాగి, "ఉప్పేసిన గంజిలా ఉందర్రా, కడుపుకి సల్లగా ఉంది" అని తన కప్పూ తాగి, కొడుకు వదిలేసింది కూడా తాగేసింది. కాఫీ తప్ప ఇంకేదీ ముట్టని మనిషి!

పర్లాకిమిడి అత్తగారి పుట్టిల్లు. బస, భోజనం అన్నీ ఆవిడ తమ్ముడిగారింట్లోనే, కాబట్టి లాడ్జీల గురించి నేనేమీ చెప్పలేను. గిడుగు రామమూర్తిగారు పంతులుగా పనిచేసిన ఊరు. సవరల భాష నేర్చుకోవడానికి ఆయన సవర మనిషినే ఇంట్లో పెట్టుకున్నారని ఆ తమ్ముడుగారు, అంటే మా ఆయన మావయ్యగారు, గర్వంగా చెప్పారు. మావయ్యగారికి గర్వపడే విషయాలు ఇంకా ఉన్నాయి, అందులో ఒకటి ఆయన టీ కొట్టు.

ముప్ఫై ఏళ్లుగా అదే కొట్టట. పొద్దున్నే మమ్మల్ని నడిపించుకుని తీసుకెళ్లారు. బల్ల మీద ఆయన చోటులో ఇంకెవరూ కూర్చోరు. కొట్టాయన తెలుగూ ఒడియా కలిపి మాట్లాడతాడు. పాల టీ, అంటే వాళ్లనే ఖీర చా, 10. పాలు లేకుండా నిమ్మరసం, నల్ల ఉప్పు వేసిన నాలి చా 7. మావయ్యగారు ఏం తాగుతారో ఎవరూ అడగరు. మేమేం తాగుతామో కూడా అడగలేదు, ఆయనతో వచ్చాం కాబట్టి అందరికీ అదే గ్లాసు: ఖీర చా, డబుల్ పంచదార. మరిది "పంచదార లేకుండా..." అని నసిగితే కొట్టాయన "ఏం బాబూ, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. బల్ల మీదున్న ఐదారుగురూ అతన్ని జాలిగా చూశారు. బెంగళూరులో త్రాసు పెట్టి గ్రాములు తూచే మనిషి నోరు మూసుకుని రెండు గ్లాసులు తాగాడు, పైగా బాగుందన్నాడు. నిజంగానే బాగుంది. అది సీటీసీ పొడి, ఆకును నలిపి, చీల్చి, గుళికలు కట్టించే పద్ధతి, 1930ల్లో అస్సాంలో వచ్చింది. పాలు, పంచదార, మరుగుడు తట్టుకునేది ఆ పొడే. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ టీలోని వగరును పట్టి ఉంచుతుంది కాబట్టి నాలుక పొడిబారదు. మా ఆయనకు ఈ శాస్త్రం చెప్తే, "అది మా అమ్మమ్మకీ తెలుసు" అన్నారు. పుట్టింటి ఊళ్లో అత్తగారి ముందు నేను వాదించలేదు.

మర్నాడు నేనొక్కదాన్నే వెళ్లి నాలి చా తాగాను. కొట్టాయన ఏమీ చెప్పలేదు, ఏమీ అడగలేదు, గ్లాసు నా వైపు తోసి బజ్జీలు వేసుకోవడానికి వెళ్లిపోయాడు. ముందు నిమ్మకాయ, వెనకాల ఉప్పు, అడుగున ఏదో కమ్మదనం. అదేమిటో అడుగుదామనుకుని మానేశాను.

గుణుపురం మీదుగా రాయగడ వెళ్లాం. మజ్జిగౌరమ్మ దర్శనానికి గంటన్నర పట్టింది. నాగావళి మీద చెకగుడ వేలాడే వంతెన ఎక్కాం, అత్తగారు ఎక్కలేదు. లాడ్జి 1,100, శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

ఇక కోరాపుట్ రిసార్టు. పేరు రాయను. గది 3,200, టిఫిను కలిపి. గీజరు పనిచేయదు. బకెట్ వేడినీళ్లు తెచ్చిన కుర్రాడు 30 రూపాయలు అడిగాడు. కౌంటర్లో చెప్తే "ఇక్కడ చలి ప్రాంతం కదా మేడం, వేడినీళ్లకి డిమాండ్" అన్నారు. అత్తగారు ఆ మాటకి కోపం తెచ్చుకుని టేస్టింగ్‌కి రానని గదిలోనే ఉండిపోయింది. ఆవిడ వంతు 450 మిగిలింది. ఆ రోజు మాకు జరిగిన ఏకైక లాభం అదే.

నల్ల ఏప్రన్ కట్టుకున్న అబ్బాయి నాలుగు కప్పులు వరసగా పెట్టాడు. అబ్బాయి మర్యాదస్తుడే, దోషం అతనికి నేర్పినవాళ్లది. ప్రతి కప్పుకీ ముందు ఒక చిన్న ఉపన్యాసం: "ఇందులో మీకు తేనె, ఆప్రికాట్ తెలుస్తాయి." తాగాం. "తేనె తెలుస్తోందా సర్?" మా ఆయన, అంతకు పది నిమిషాల ముందు మిరపకాయ బజ్జీలు తిన్న మనిషి, కళ్లు మూసుకుని "ఆఁ, తెలుస్తోంది" అన్నారు. రెండో కప్పుకి పొగ అన్నాడు, అందరికీ పొగ వాసన వేసింది, నాకు కూడా. ఆప్రికాట్ పండు మా ఇంట్లో ఎవరూ తిననేలేదు, ఎండు పండు తప్ప. అయినా ముగ్గురం తలలూపాం. మాట ముందొస్తే నాలుక దాని వెనకాలే పోతుంది. డబ్బు తీసుకుని మరీ ఆ పని చేయడం నాకు నచ్చలేదు.

మూడో కప్పుని "మా కొండల టీ" అన్నాడు. మరిది అక్కడ పట్టుకున్నాడు. కోరాపుట్ కొండలు కాఫీకి పేరు. ఒడిశాలో టీ తోటంటే ఎక్కడో ఉత్తరాన కియోంఝర్ జిల్లా మాట చెబుతారు. "ఏ కొండ? ఎస్టేట్ ఎక్కడ?" అంటే అబ్బాయి లోపలికి వెళ్లి మేనేజరుని తీసుకొచ్చాడు. మేనేజరు "అది మా ప్రత్యేక బ్లెండ్ సర్" అని బిల్లు పెట్టాడు. ముగ్గురికి 1,350, దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జీ 135, పన్ను వేరే.

సర్వీస్ ఛార్జీ కచ్చితంగా కట్టాలనే నియమం లేదు. హోటళ్లు దాన్ని బిల్లులో వాటంతట అవే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మరిది ఫోను తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 అని నొక్కి చూపించాడు, ఇంకా కాల్ కూడా కలపలేదు. 135 పోయింది. మేనేజరు మొహం చూస్తే ఆ డబ్బు ఆయన జేబులోంచి తీసినట్టుంది.

మరిది తక్కువవాడా, మాటల్లో పెట్టి ఆ "కొండల టీ" ఆకు రెండు చెంచాలు టిష్యూలో మడిచి తెచ్చాడు. రాత్రి గదిలో పంచాయతీ. నీళ్లు సలసలా మరుగుతున్నా థర్మామీటరు 97 డిగ్రీలే చూపిస్తోందని, అది పాడైపోయిందని దిగులుపడ్డాడు. పాడవలేదు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 300 మీటర్లకీ ఇంచుమించు ఒక డిగ్రీ తక్కువలో నీళ్లు మరుగుతాయి.

ఈసారి నియమాలు నావి. నాలుగు టీలు: మరిది తెచ్చిన డార్జిలింగ్, అస్సాం, నీలగిరి, పక్కన రిసార్టు వారిది. టీలు పోలిక చూడడానికి ఐఎస్ఓ 3103 అని ఒక ప్రమాణం ఉంది, 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. అదే పాటించాం. కప్పుల అడుగున అత్తగారు తన బొట్టుబిళ్లలు అంటించింది, ఎరుపు, మెరూన్, ఆకుపచ్చ, నలుపు. ఏది ఏదో ఆవిడకొక్కదానికే తెలుసు. తాగేటప్పుడు మాట్లాడకూడదు, మొహం పెట్టకూడదు, ముందు కాగితం మీద రాయాలి.

న్యాయంగా చెప్పాలి, మరిది తన డార్జిలింగ్ ఇట్టే పట్టేశాడు. మే, జూన్ నెలల్లో పచ్చదోమ కొరికిన ఆకుతో వచ్చే ఆ ద్రాక్ష వాసన అతనికి నిజంగానే తెలుసు. అయితే నీలగిరికీ "కొండల టీ"కీ ఇంచుమించు ఒకే వివరణ రాశాడు. దాన్నిబట్టి మీరే ఊహించుకోండి. మా ఆయన నాలుగింటికీ "పాలు లేవు" అని రాసి సంతకం పెట్టారు. నేను అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసింది అస్సాంకి. సిలిగురి మేడం "అది పాలలో వేసుకునే సరుకు" అని తీసిపారేసిన అస్సాం! ఇన్నాళ్లూ ఇంట్లో ఆ డబ్బా మూత తీయలేదు. మరిది నా కాగితం చూసి "వదినా, నువ్వు ఇంకా కొన్నాళ్లు తాగాలి" అన్నాడు. అత్తగారు "అదేట్రా, దాని నోరు దానిది" అని అడ్డం వచ్చింది. రాత్రంతా అన్నదమ్ములిద్దరూ ఆవిడకి ఏ బిళ్ల ఏ కప్పుకో నిజంగా గుర్తుందా అని వాదించుకున్నారు. ఆవిడ నిద్రపోయింది.

ఇటు వెళ్లేవాళ్లకి నా సలహా. కోరాపుట్‌లో టీ జోలికి పోకండి, గిరిజన సహకార సంస్థ అమ్మే కోరాపుట్ కాఫీ పొడి కొనుక్కోండి. అత్తగారు కొంది, ఇంటికి వచ్చాక మాకెవరికీ పెట్టలేదు. బస జయపురంలో చూసుకోండి, మేం 1,300కి ఏసీ గది తీసుకున్నాం, గీజరు పనిచేసింది. రిసార్టుకి ఇంటికొచ్చాక మెయిల్ రాశాను, ఏ కొండో చెప్పమని. "మీ విలువైన అభిప్రాయానికి కృతజ్ఞతలు, మళ్లీ వస్తే 10 శాతం తగ్గింపు" అని వచ్చింది. చంద్రగిరి వెన్న టీ కోసం మాత్రం మళ్లీ వెళ్తాం. మా ఆయన కారు నడుపుతానన్నారు, లోపలికి రానన్నారు.