పాత అచ్చులో పోసిన పూర్వగాథ: ‘క్లాక్‌వర్క్ ఏంజెల్’

కసాండ్రా క్లేర్ ‘మోర్టల్ ఇన్‌స్ట్రుమెంట్స్’ నవలలు చదివినవారు ‘క్లాక్‌వర్క్ ఏంజెల్’ తెరిస్తే, కాసేపటికే ఈ దారిలో ఇదివరకు నడిచామన్న భావన కలుగుతుంది. ఆ భావన తప్పు కాదు. 2007లో ‘సిటీ ఆఫ్ బోన్స్’తో మొదలైన ఆ కథాలోకానికి పూర్వగాథగా 2010లో వెలువడిన ఈ నవల 1878 నాటి లండన్‌లో జరుగుతుంది. కాలమూ, ఊరూ, వేషభాషలూ మారినంతగా కథ నడక మాత్రం మారలేదు.

అక్కడ న్యూయార్క్‌లో తల్లిని ఎవరో ఎత్తుకుపోతే వెతుక్కుంటూ బయలుదేరిన క్లారీ. ఇక్కడ అన్న పిలిచాడని న్యూయార్క్ నుంచి ఓడలో ఇంగ్లండు చేరి, డార్క్ సిస్టర్స్ అనే ఇద్దరు స్త్రీల చేతిలో బందీ అయిన పదహారేళ్ల టెస్సా గ్రే. తమ పుట్టుక రహస్యం ఇద్దరికీ తెలియదు. ఇద్దరికీ రాక్షసులను వేటాడే షాడోహంటర్ల ఇన్‌స్టిట్యూటే ఆశ్రయమవుతుంది. చివరికి పాండిమోనియం అన్న పేరు కూడా అక్కడ నైట్‌క్లబ్బుగా, ఇక్కడ రహస్య సంఘంగా రెండుచోట్లా కనిపిస్తుంది. నమ్మినవారే ద్రోహం చేసే మలుపు సైతం అచ్చు గుద్దినట్టు వచ్చేస్తుంది కాబట్టి, మొదటి నవలల వరుస చదివినవారు దాన్ని చాలా ముందుగానే పసిగట్టగలరు. నాకు అన్నిటికంటే ఇబ్బంది కలిగించిన పాత్ర యువ షాడోహంటర్ విల్ హెరాండేల్. అందం, వెటకారం, దగ్గరికి వచ్చినవారిని మాటలతో గాయపరిచే అలవాటు, అన్నీ మొదటి వరుసలోని నాయకుడు జేస్ నుంచి అరువు తెచ్చుకున్నట్టే ఉన్నాయి. విల్ ప్రవర్తనకు కారణం తర్వాతి భాగంలో తెలుస్తుంది గాని, ఈ ఒక్క పుస్తకం చదివేవారికి ఆ ఊరట దక్కదు.

అయినా ఈ నవలను అనుకరణగా తోసిపుచ్చడానికి నాకు మనసొప్పదు. టెస్సాకున్న శక్తి ఒక్కటే ఇందుకు చాలు. ఎవరి వస్తువైనా చేతిలో పట్టుకుంటే ఆమె వారి రూపం పొందగలదు. రూపంతో పాటు వారి జ్ఞాపకాలూ ఆమెలోకి వస్తాయి, వారు మరణించినవారైతే ఆఖరి ఘడియల భయంతో సహా. రక్తపిపాసి (వాంపైర్) అయిన కెమీల్‌గా మారినప్పుడు తన గుండె కొట్టుకోవడం లేదని గ్రహించి ఆమె బెదిరిపోయే ఘట్టంలో రచయిత్రి ఆ శక్తిని ఒక విన్యాసంగా చూపించలేదు, శరీరానికి తగిలే అనుభవంగా రాసింది. క్షణక్షణానికి మరొకరు కాగలిగిన పిల్లకు ‘నేనెవరిని’ అన్న ప్రశ్న ఎంత బరువో, క్లారీ కథలో అంత లోతుగా ఎన్నడూ కనబడలేదు.

ఇక జెమ్ కార్‌స్టెయిర్స్. ఇంగ్లిషు తండ్రికి, చైనీయురాలైన తల్లికి షాంఘైలో పుట్టిన ఈ కుర్రవాడు ఒక రాక్షసుడి క్రౌర్యం వల్ల యిన్ ఫెన్ అనే మత్తుపదార్థానికి బానిసయ్యాడు. అది మానేస్తే ప్రాణం నిలవదు, తీసుకుంటూ ఉంటే అదే ప్రాణాన్ని హరిస్తుంది. జుట్టూ కళ్లూ వెండిరంగుకు తిరిగిన ఆ స్థితిలోనూ వయొలిన్ వాయిస్తూ, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడే జెమ్ వంటి పాత్ర మొదటి వరుసలో లేదు. అందుకే ఇక్కడి ముక్కోణపు ప్రేమలో పోటీ కంటే విల్, జెమ్‌ల స్నేహమే బలంగా నిలుస్తుంది. ఇద్దరిలో ఎవరు బాధపడినా పాఠకులకు ఓర్చుకోవడం కష్టమే.

ఇన్‌స్టిట్యూట్ పెద్దగా ఉన్న షార్లెట్ బ్రాన్‌వెల్‌కు మరిన్ని పుటలు కేటాయించవలసింది. ఆడది అధికారంలో ఉండడమేమిటని సాటివారు సణిగే కాలంలో, యంత్రాల ప్రయోగాల్లో మునిగిపోయే భర్త హెన్రీని సంభాళించుకుంటూ ఆమె నెట్టుకువచ్చే తీరు విక్టోరియా కాలపు సమాజాన్ని వర్ణనలకంటే బాగా పట్టిస్తుంది. మరమనుషులతో జరిగే పోరాటాలు వేగంగా సాగుతాయి, వాటిలో బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దగ్గరిది బాగుంది.

షాడోహంటర్ల లోకానికి కొత్తవారు ఈ నవలతోనే మొదలుపెట్టవచ్చు, పాత కథ తెలియకపోయినా ఏదీ అడ్డు రాదు. పైగా పోలికల బెడద వారికి ఉండదు. పాతవారు మాత్రం మొదటి సగం ఓపిక పట్టాలి. కథ ఈ భాగంతో ముగియదు కాబట్టి 2011 నాటి ‘క్లాక్‌వర్క్ ప్రిన్స్’ను, 2013 నాటి ‘క్లాక్‌వర్క్ ప్రిన్సెస్’ను కూడా ముందే తెచ్చిపెట్టుకోవడం మంచిది.